ఎక్కడం ఎవరూ అడగలేదు

కోర్టు కమిషనర్ వచ్చే రోజున పళ్ళాయన పనికి సెలవు పెట్టాడు. పొద్దున్నే రెండు గదులూ ఊడ్చాడు. వంటింటి గట్టు తుడిచాడు. తరవాత ఆ తుడిచిన గట్టు వైపే చూస్తూ నిలబడి, ఇదంతా ఎందుకు చేశానా అనుకున్నాడు. వచ్చేవాళ్ళు చూడబోయేది అతని ఇల్లు కాదు. మెట్లు.

వీధిలో అతన్ని పళ్ళాయన అంటారు, కట్టుడు పళ్ళు చేస్తాడు గనక. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, వాటిలో ఒక్కొక్క పన్నునీ నిలబెట్టే పని. ఇంత వయసూ నోళ్ళతోనే గడిచింది. ఆ నోళ్ళ తాలూకు మొహాలు మాత్రం అతను చూడడు. అతని స్వభావానికి అది సరిపోయింది. మనిషి ఎదురుగా లేకుండానే మనిషికి అంత దగ్గరగా ఉండే పని ఇంకొకటి ఉంటుందని అతను అనుకోడు.

మేడ మీద ఇంటావిడ ఉంటుంది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటాయి, వీధి వీధంతటికీ నర్సమ్మ. ఆవిడ నోట్లో ఉన్న రెండు సెట్లూ పళ్ళాయన చేసినవే. "నేను చేసిన పళ్ళతోనే కోర్టులో నా మీద సాక్ష్యం చెప్పింది" అని అతనొకసారి ల్యాబులో అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ సాయంత్రం దాకా నోరు చేదుగానే ఉంది.

కేసు సంగతి చిన్నదే. పాత అద్దె చట్టం ప్రకారం అతనిలాంటి పాత అద్దెదారుని కదపడానికి వీల్లేదు, అద్దె పెంచడానికీ వీల్లేదు. ఒక్క కారణానికే ఖాళీ చేయించవచ్చు. ఇల్లు గలవాళ్ళకి ఆ వాటా నిజంగా సొంతానికి కావాలి. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు ఎక్కలేకపోతున్నానని, కింది వాటా తనకి కావాలని నర్సమ్మ పిటిషను వేసింది. వేయించింది ఆవిడ చెల్లెలి కూతురు. ఎక్కగలదు, ఇదంతా ఎక్కువ అద్దెకి ఇచ్చుకోవడానికి ఆడే నాటకం అని పళ్ళాయన లాయరు. మూడేళ్ళ వాయిదాల తరవాత జడ్జికి విసుగొచ్చి, వెళ్ళి ఆ మెట్ల దగ్గర మీరే చూసి రండని ఒక కమిషనర్ని వేశాడు.

ఓడిపోతే ఏమవుతుందో పళ్ళాయనకి తెలుసు. బయట అద్దెలు అతను కట్టేదానికి నాలుగింతలు. ఊరి చివర ఒక గది దొరకవచ్చు. అందులో గది కన్నా అతన్ని భయపెట్టేది వేరే ఉంది. పదకొండేళ్ళప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఈ వాటాలోకి వచ్చాడు. ఎండాకాలంలో ఈ ఇంట్లో ఏ మూల నేల చల్లగా ఉంటుందో అతని పాదాలకి తెలుసు, అతనికి తెలియకపోయినా. ఇంకో చోట నిద్ర లేస్తే, లేచినవాడు తనేనని తనకి ఎవరు చెప్పాలి? ఇలాంటి ప్రశ్న ఎవరినీ అడగలేడు. లాయరుని అస్సలు అడగలేడు.

తల్లి బతికున్నప్పుడు ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. ఆ లెక్కన నర్సమ్మ అతనికి అత్తయ్య. తల్లి పోయాక కూడా నెల మొదటి తారీఖున అతను అద్దె పట్టుకుని పైకి వెళ్ళేవాడు. ఆవిడ డబ్బు చూడకుండానే డబ్బాలో పడేసి, టీ ఇచ్చి, ఆ నెలంతా వీధిలో ఎవరెవరు ఏమేం చేశారో చెప్పేది. మాట్లాడేదంతా ఆవిడే. అతను గ్లాసు ఖాళీ అయ్యేదాకా వినేవాడు, ఖాళీ అయ్యాక కూడా గ్లాసు పట్టుకునే వినేవాడు. కేసు పడ్డాక, అద్దె చేత్తో తీసుకుంటే అద్దెదారుగా ఒప్పుకున్నట్టేనని ఆవిడ లాయరు అన్నాడట. అప్పట్నుంచి అద్దె కోర్టులో కడుతున్నాడు. కోర్టు గుమాస్తా రసీదు ఇస్తాడు. టీ ఇవ్వడు.

బుట్ట సంగతి ఇంకా పాడుగా ముగిసింది. మోకాళ్ళ నొప్పి మొదలైన కొత్తలో ఆవిడ కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించేది. అతను అందులో కూరలో, మందులో, పాల ప్యాకెట్టో పెట్టి తాడు రెండుసార్లు లాగేవాడు. ఈ సంగతి ఒకరోజు మాటల్లో లాయరుకి చెప్పాడు. మేమేమీ శత్రువులం కాదు, ఇంకా బుట్ట నడుస్తోంది అని చెప్పుకోవాలనిపించి చెప్పాడు. లాయరు పెన్ను తీశాడు. తరవాతి వాయిదాకి కోర్టుకి ఇచ్చిన జవాబులో ఒక వాక్యం ఉంది: "పిటిషనరుకు కావలసిన సరుకులన్నీ ప్రతివాదియే సమకూర్చుచున్నందున, ఆమెకు మెట్లు దిగవలసిన అవసరమే లేదు." ఆ వారం నుంచి కిటికీలో బుట్ట కనిపించలేదు. తన మంచితనం ఇలాంటి భాషలోకి మారగలదని పళ్ళాయనకి అంతకు ముందు తెలియదు. దాన్ని చాలాసార్లు చదువుకున్నాడు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అదే అతన్ని నిద్రపోనివ్వలేదు.

పనిలో అతనికి ఒక సంగతి రోజూ కనిపిస్తుంది. నోట్లో పై దవడ కదలదు. అది తలకి అతుక్కుని ఉంటుంది. కదిలేది, సర్దుకునేది, నొప్పెట్టినప్పుడు పక్కకి జరిగేది కింది దవడే. ఈ మూడేళ్ళలో అచ్చులు బిగిస్తూ ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అతను చిన్నగా నవ్వుకునేవాడు.

కమిషనర్ ఎండ తగ్గాక వచ్చాడు. నలభై లోపు మనిషి, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. పక్కనే పళ్ళాయన లాయరు, పెళ్ళివారిని దింపుతున్నంత హుషారుగా.

"మాస్టారూ, మీరేం మాట్లాడకండి. నిలబడండి చాలు. మీకు వచ్చిందే అది."

నర్సమ్మ చెల్లెలి కూతురు మెట్ల కింద నిలబడి ఉంది. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, భుజాన సంచీ అలాగే ఉంది. పళ్ళాయన వైపు చూడలేదు. పైకి చూసి పిలిచింది. "పెద్దమ్మా! కోర్టువాళ్ళు వచ్చారు. నువ్వు నిదానంగా, నీ కర్ర పట్టుకునే..."

తలుపు తెరుచుకుంది.

నర్సమ్మ పై మెట్టు మీద నిలబడింది. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, డ్యూటీకి వెళ్ళే రోజుల్లోలా బిగించి వేసిన ముడి. చేతిలో కర్ర లేదు. కిందనున్న నలుగురినీ ఒకసారి వార్డు చూసినట్టు చూసి, దిగడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి కమ్మీ మీద ఉంది గాని, పట్టుకున్నట్టు లేదు, దుమ్ము తుడిచారా లేదా అని చూస్తున్నట్టు ఉంది. మలుపు దగ్గర ఆగలేదు. చివరి మెట్టు దిగి, కమిషనర్ ముందు నిలబడి, "ఇంకేం చూస్తారు నాయనా?" అంది.

"దిగడానికి ఇబ్బంది ఏమైనా ఉందా అమ్మా?"

"నాకేం ఇబ్బంది? ఆస్పత్రిలో లిఫ్టు పని చేసిన రోజు నేను చూడలేదు. రోగుల్ని మోసుకుని ఎక్కి దిగాను."

"పెద్దమ్మా!" చెల్లెలి కూతురి మొహం తెల్లబోయింది. "ఎన్ని మాత్రలు వేసుకున్నావు నువ్వు?"

"అందరి ముందూ అడిగే మాటేనా అది?"

కమిషనర్ నిలబడే రాసుకున్నాడు. 'ఇతరుల సాయం లేకుండా, కర్ర లేకుండా దిగినది' అని పైకి చదివి అందరికీ వినిపించాడు. లాయరు పళ్ళాయన మోచేతిని నొక్కాడు. "అయిపోయింది మాస్టారూ. మీ కేసు వాళ్ళే గెలిపించారు. ఇలాంటిది నా సర్వీసులో లేదు. సార్, రండి, మూల మీద టీ బాగుంటుంది." ఇద్దరూ వెళ్ళిపోయారు. చెల్లెలి కూతురు ఏడుపు ఆపుకుంటూ ఫోను తీసి, వాళ్ళ లాయరుతో మాట్లాడటానికి వీధిలోకి నడిచింది.

మెట్ల దగ్గర ఇద్దరే మిగిలారు. మూడేళ్ళ తరవాత ఇద్దరే.

పళ్ళాయన తను గెలిచాడన్న సంగతిని లోపల వెతుక్కున్నాడు. ఎక్కడో ఉండాలి. కాస్త గాలి ఆడినట్టయినా ఉండాలి. ఏమీ లేదు. నాలుకతో నోట్లో ఊడిన పన్ను చోటు తడుముకున్నట్టు ఉంది, అంతే.

"కాస్త కూర్చోనా?" అంది నర్సమ్మ. "నా ఇంట్లో నేను కూర్చోవడానికి నీ పర్మిషను కావాలి. చట్టం అట్లా ఏడిచింది."

అతను తలుపు పూర్తిగా తీశాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని, తరవాత బల్ల అంచు పట్టుకుని, కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం అనడానికి లేదు, కుర్చీ ఆవిడని అందుకుంది. మంచినీళ్ళు ఇచ్చాడు. ఆవిడ తాగి, గ్లాసు చేతిలోనే ఉంచుకుని గదంతా చూసింది.

"ఆ గోడకి నిమ్ము వచ్చిందే. చెప్పలేదేం?"

"చెప్పకూడదన్నాడు లాయరు. రిపేరు అడిగితే..."

"ఇంటికి వంక పెట్టినట్టవుతుంది. నాకూ మా లాయరు చెప్పాడులే. రిపేరు చేయిస్తే నిన్ను ఒప్పుకున్నట్టవుతుందట. నిమ్ము మాత్రం ఎవర్నీ అడక్కుండా దాని పని అది చేసుకుంది." గ్లాసు బల్ల మీద పెట్టింది. "నువ్వు చేసిన పళ్ళు కూడా ఒరుసుకుంటున్నాయి."

"ఏవి?"

"కిందవి. ఎడమ పక్క. ఆర్నెల్లయింది. అన్నం తింటుంటే ప్రాణం పోతోంది."

"ఆర్నెల్లా? చెప్పాలి కదా!"

"ఎవరికి చెప్పను? ప్రతివాదికా?"

అతను చేతులు కడుక్కుని వచ్చాడు. అలమరలోంచి చిన్న ఆకురాయీ, గరుకు కాగితం ముక్కా తీశాడు. "ఇలా ఇవ్వండి" అన్నాడు, ఇంకో మాట లేకుండా. ఆవిడ పక్కకి తిరిగి కింది సెట్టు తీసి అతని అరచేతిలో పెట్టి, చేతిరుమాలు పెదాలకి అడ్డం పెట్టుకుంది. అంతసేపూ పోలీసు జవానులా కూర్చున్న మొహం ఒక్కసారిగా లోపలికి ముడుచుకుపోయి, చిన్నదైపోయింది. మొహం చూడకుండా పని చేయడం అలవాటైన మనిషి, ఆ మొహం వైపు చూసి, వెంటనే చేతుల్లోకి చూసుకున్నాడు. తన పనినే తను గుర్తుపట్టాడు. ఎడమ అంచు మీద చిగురు తగ్గిపోయిన చోట మెరుపు పోయి, గీరుకుంటున్న గుర్తుంది. ఇన్నాళ్ళు ఇది నోట్లో పెట్టుకుని అన్నం తింది. ఇది నోట్లో పెట్టుకునే కోర్టులో మాట్లాడింది.

"వేలు పెట్టి చూపించండి, ఎక్కడ?"

ఆవిడ రుమాలు తియ్యకుండానే బుగ్గ మీద వేలు పెట్టింది. అతను ఆకురాయితో మెల్లగా అరగదియ్యడం మొదలుపెట్టాడు. గులాబీ రంగు పొడి కాగితం మీద రాలుతోంది. అంచు మీద బొటనవేలు పెట్టి చూసుకోవడం, మళ్ళీ రుద్దడం. నెల మొదటి తారీఖుల్లో ఇంత నిశ్శబ్దం వాళ్ళ మధ్య ఎప్పుడూ లేదు. అది అతనికి ఇబ్బందిగా లేకపోవడం అతనికే వింతగా తోచింది.

ఆ మధ్యలోనే చూశాడు. గోడకున్న అతని తల్లి ఫొటో దగ్గరగా చూద్దామనేమో, నర్సమ్మ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి లేవబోయింది. నడుము బెత్తెడు లేచి మళ్ళీ కూలబడింది. ఆవిడ వెంటనే వీపు వెనక దిండు సర్దుకుంది, లేవబోయింది అందుకే అన్నట్టు. కాసేపాగి మళ్ళీ దిండు సర్దుకుంది. దిండు బాగానే ఉంది.

ఆకురాయి ఆగింది.

"అత్తయ్యా, పైకి ఎలా వెళ్తారు?"

ఆవిడ పళ్ళు లేని నోటితో, రుమాలు వెనక నుంచి, మెత్తగా, చిన్నపిల్లలా అంది. "వెళ్తాలే. నువ్వు పని కానీ."

"మెట్లు దిగారు కదా మరి..."

"దిగడానికేం, బరువే దింపుతుంది." రుమాలు కళ్ళదాకా పోయింది. "ఎక్కడం ఎవరూ అడగలేదుగా."

పళ్ళాయన లేచాడు. లేచిన సంగతి వీధిలోకి వచ్చాక గాని అతనికి తెలియలేదు. జీవితంలో అతను వీధిలో పరుగెత్తిన గుర్తు లేదు. మూల మీద టీ కొట్టు ముందు కమిషనర్ గ్లాసు ఊదుకుంటున్నాడు, లాయరు ఏదో జోకు చెబుతున్నాడు.

"మీరు దిగడమే చూశారు" అన్నాడు పళ్ళాయన ఒగరుస్తూ.

"ఏమిటి?"

"ఆవిడ దిగింది. ఎక్కలేదు. ఎక్కలేదండీ. మా ఇంట్లోనే కూర్చుండిపోయింది, లేవలేక. మీరు రాసింది సగమే."

లాయరు గ్లాసు కింద పెట్టాడు. "మాస్టారూ, ఎండ దెబ్బ తగిలిందా? నోటి దగ్గరికొచ్చిన ముద్దని కాలితో తంతారా ఎవరైనా? సార్, మీరు పట్టించుకోకండి."

కమిషనర్ పళ్ళాయన చేతివైపు చూస్తున్నాడు. "చేతిలో అదేమిటి?"

పళ్ళాయన కూడా చూసుకున్నాడు. "పళ్ళు."

"ఎవరివి?"

"మా అత్తయ్యవి."

"అత్తయ్య ఎవరు?"

"పిటిషనరు."

టీ కొట్టువాడు నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. కమిషనర్ నవ్వలేదు. టీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. "అద్దె కేసుల్లో ఇల్లుగలవాళ్ళు నా ముందు కుంటుతారు. అద్దెవాళ్ళు, అబ్బే, నిన్ననే పరిగెత్తింది సార్ అంటారు. ఇదేమిటి, తిరగబడింది? పదండి."

వీళ్ళు వచ్చేసరికి చెల్లెలి కూతురు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపల నర్సమ్మ రుమాలు అడ్డం పెట్టుకుని, పెదాలు బిగించుకుని కూర్చుంది.

"అమ్మా, ఒక్కసారి పైకి ఎక్కి చూపిస్తారా?"

ఆవిడ పళ్ళాయన వైపు చెయ్యి చాపి వేళ్ళు ఆడించింది. అతను పరుగున వంటింట్లోకి వెళ్ళి సెట్టు కడిగి తెచ్చిచ్చాడు. ఆవిడ పక్కకి తిరిగి పెట్టుకుని, రెండుసార్లు కొరికి చూసుకుంది. కోర్టు కన్నా ముందు అతనికే చెప్పింది, "ఇప్పుడు ఒరుసుకోవడం లేదు." తరవాత కమిషనర్ వైపు తిరిగింది. మొహం మళ్ళీ పెద్దదయింది. "ఎక్కగలను. కానీ ఎక్కను. ఎక్కమంటే ఎక్కడానికి నేనేం కోతినా?"

"దిగమంటే దిగారుగా?"

"అది నా ఇష్టం."

"పెద్దమ్మా, చాలు." చెల్లెలి కూతురు సంచీ కింద పడేసి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "లే. లేచి చూపించు. నేను నీ మాట వింటాను."

నర్సమ్మ లేవలేదు. మోకాళ్ళు తడుముకుని అంది, "ఈ మోకాళ్ళకి ఇవాళ్టికి డ్యూటీ అయిపోయిందే."

"మరెందుకు దిగావు? ఎవరి కోసం? మూడేళ్ళు సెలవులు పెట్టుకుని కోర్టు చుట్టూ తిరిగింది నేను. మొన్న బాత్రూములో పడిపోతే, కింద మనిషి ఉండి కూడా, ఊరి ఆ చివర ఉన్న నాకు ఫోన్ చేశావు. ఎందుకు? కేసు ఉందనేగా! రాత్రి ఫోను మోగితే నా గుండె ఆగిపోతుంది, నీకు తెలుసా?"

పళ్ళాయనకి ఆ పడటం సంగతి తెలియదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"తెలుసు గనకే నిన్ను కేసు వెయ్యనిచ్చాను" అంది నర్సమ్మ. చెల్లెలి కూతురి తల మీద చెయ్యి వేసింది. "కానీ వీడెక్కడికి పోతాడే? కొత్త ఇల్లు చూసుకోవాలంటే పదిమందితో మాట్లాడాలి. అద్దె ఎంత అనాలి, కొంచెం తగ్గించండి అనాలి. వీడంటాడా? వీడు నాతో మాట్లాడటానికే పాతికేళ్ళు పట్టింది. ఊరి చివర ఏ గదిలోనో చేరి, నోరు విప్పకుండా చస్తాడు. నా మోకాళ్ళకి మందులున్నాయి. వీడికేం మందుంది?"

గదిలో ఎవరూ అతనివైపు చూడలేదు. అది వాళ్ళ మర్యాద అని అతనికి అర్థమయింది. ఎవరికీ కనిపించకుండా బతికానని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అచ్చు తీసి పెట్టుకున్నంత వివరంగా తనని ఒకరు చూసి ఉంచుకున్నారు. సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనే ఇంకొకటి, పేరు తెలియనిది, ఉంది.

కమిషనర్ పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశాడు. "ఆవిడ కిందకి వస్తే పైన ఎవరు ఉంటారు?"

"అద్దెకిస్తాం" అంది చెల్లెలి కూతురు.

"నేనుంటాను" అన్నాడు పళ్ళాయన.

ఆ మాట అతని నోట్లోంచి వచ్చినట్టు ముందు లాయరుకి తెలిసింది, తరవాతే అతనికి. లాయరు అతని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు గాని, ఆ గదిలో పక్కకి అంత చోటు లేదు. అందరికీ వినబడింది.

"మాస్టారూ, వినండి. మిమ్మల్ని కాస్తున్నది మీ మొహం కాదు, ఈ వాటా. ఈ గడప దాటారా, పాత చట్టం మీ వెనక మెట్లెక్కి రాదు. పైది కొత్త అద్దె కిందకి వస్తుంది. ఎప్పుడైనా పెంచొచ్చు, ఎప్పుడైనా పొమ్మనొచ్చు."

"అదే అద్దె" అంది నర్సమ్మ.

"పెద్దమ్మా, ఆ అద్దెకి ఇవాళ సైకిలు కూడా పెట్టుకోనివ్వరు."

"సైకిలు పళ్ళు బాగుచేస్తుందా?"

"సరే, ఆవిడ ఉన్నంతకాలం అదే అద్దె" అన్నాడు లాయరు. "తరవాత?"

ఆ 'తరవాత' గదిలో అలాగే ఉండిపోయింది. నర్సమ్మ నవ్వింది. "నేను పోయాక అని చెప్పవయ్యా. ఎన్ని చావులు చూశానో. మాట తిప్పితే ఆగుతుందా అది?"

పళ్ళాయన చెల్లెలి కూతురి వైపు చూశాడు. మూడేళ్ళలో మొదటిసారి తిన్నగా చూశాడు. తరవాత అనేది ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఆవిడ కూడా అతనివైపు చూసింది. కళ్ళ కింద నలుపు, అలసట.

"నేను ఇప్పుడేం మాట ఇవ్వలేనండీ" అంది. "నాకూ ఇద్దరు పిల్లలున్నారు. అప్పటికి నా పరిస్థితి ఎలా ఉంటుందో నాకు తెలియదు."

మాట ఇచ్చి ఉంటే బహుశా అతను భయపడేవాడు. ఈ మాట మీద కాలు మోపి నిలబడవచ్చు అనిపించింది. చట్టం అతన్ని ఇన్నేళ్ళూ కాపాడింది, నిజమే. గట్టిగానే కాపాడింది. కాపాడుతూ ఉండగానే పైన ఒక మనిషి పడిపోయింది, కింద అతనికి తెలియలేదు.

"అలాగే" అన్నాడు. "ఫరవాలేదు."

"ఏం ఫరవాలేదు!" లాయరు నుదురు కొట్టుకున్నాడు. "కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్ళని విన్నాను. చూడటం ఇదే."

కమిషనర్ తనకి ఇచ్చిన ఆర్డరులో రాజీలు లేవన్నాడు. వాటాలు మార్చుకునే సంగతి తరవాతి వాయిదాలో జడ్జి ముందు ఇద్దరూ కలిసి చెప్పుకోవాలి, అప్పటిదాకా ఎవరి వాటా వారిదే. మళ్ళీ వాయిదా ఎండలు తగ్గాక గాని లేదు. దిగినది అన్న దాని కింద 'ఎక్కలేకపోయినది' అని రాసి, ఈసారి పైకి చదవకుండా సంతకం పెట్టుకుని వెళ్ళాడు. గుమ్మం దాటుతూ నర్సమ్మ వైపు తిరిగి ఏదో అనబోయి, ఊరికే తల ఊపాడు.

అందరూ వెళ్ళాక అసలు సంగతి మిగిలింది. కోర్టు ఏమన్నా, ఇవాళ రాత్రికి ఆవిడ పైకి వెళ్ళలేదు. ఇద్దరు కలిసి ఎత్తి మోస్తామంటే చంపేస్తానంది. "రోగుల్ని నేను మొయ్యాలి గాని నన్ను మొయ్యడం ఏమిటి?"

చెల్లెలి కూతురు పైనుంచి ఆవిడ దిండూ, దుప్పటీ, మందుల పెట్టే తెచ్చి పళ్ళాయన మంచం మీద సర్దింది. బడి నుంచి వచ్చిన పిల్లలు పక్కింట్లో ఎదురుచూస్తుంటారని గబగబా బయలుదేరింది. వెళ్తూ, ఈ రాత్రికి మీరు పైన పడుకోండని అతని చేతిలో పై వాటా తాళం చెవి పెట్టింది. ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం వేళ్ళు దాన్ని వదల్లేదు. తరవాత వదిలాయి.

"రాత్రి ఏదైనా అయితే..." అంది.

"ముందు నేను దిగుతాను" అన్నాడు అతను. "తరవాత మీకు ఫోన్ చేస్తాను."

ఆవిడ తల ఊపింది. తన నంబరు అతనికి ఇవ్వలేదని గుర్తొచ్చి, వెనక్కి వచ్చి చెప్పి వెళ్ళింది.

నర్సమ్మ అతని మంచం మీద కాళ్ళు చాపుకుని, ఇంటి మనిషిలా ఆజ్ఞలు మొదలుపెట్టింది. పొయ్యి పక్కన పాలున్నాయి, కాచి తాగు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంది, ఇటుక పెట్టు. నా మంచం కుడిపక్క గుంట పడింది, ఎడమపక్క పడుకో. మా ఆయన ఫొటోకేసి చూడకు, రాత్రిపూట కొత్తవాళ్ళని గుడ్లురిమి చూస్తాడు. అతను అన్నింటికీ ఊఁ అన్నాడు. దుప్పటి ఆవిడ పాదాల మీదకి లాగి, మంచినీళ్ళ చెంబు అందేలా పెట్టి, తాళం చెవి పట్టుకుని బయటికి వచ్చాడు.

వెలుతురు వెళ్ళిపోతోంది. అతను మెట్లెక్కాడు. తలుపు తీసేసరికి లోపల పూర్తిగా చీకటి, మందుల వాసన, ఎండిన బట్టల వాసన. ఈ గదిలోకి ఎన్నిసార్లు వచ్చాడో, కానీ ఎప్పుడూ పగలే, ఎప్పుడూ ఆ కుర్చీ దాకానే. చేత్తో గోడ తడిమాడు. తలుపు పక్కన ఏమీ లేదు. ఇంకొంచెం ముందుకు వెళ్ళాడు, మోకాలికి ఏదో తగిలింది, గిన్నె కింద పడి దొర్లింది.

కిందనుంచి, కిటికీలోంచి ఆవిడ గొంతు వచ్చింది. వార్డంతా వినబడే గొంతు.

"ఏమయ్యా! ఏం పడేశావు?"

"లైటు దొరకట్లేదు!"

"తలుపు దగ్గర కాదు! బీరువా పక్కన!"

"ఏ పక్కన?"

"నీకు కుడి పక్క! ఇంకా కిందకి! నేను పొట్టిదాన్ని, కిందకి పెట్టించుకున్నాను! వంగు!"

అతను చీకట్లో వంగాడు. వేళ్ళు బీరువా అంచు దాటి, గోడ మీద కిందకి పాకాయి.

"దొరికిందా?"

ఇంకా దొరకలేదు. కానీ ఆవిడ అరుస్తూనే ఉంటుందని అతనికి తెలుసు. తొందర లేదు.

"చూస్తున్నాను, అత్తయ్యా" అని అరిచాడు. తన గొంతు అంత పెద్దదని అతను అనుకోలేదు.